లేపాక్షి కప్పు మీద చీరలు

శ్రోతలకు నమస్కారం.

లేపాక్షికి వెళ్లినవారు ముందుగా చేసే పని, వేలాడే స్తంభం కింద తువాలు దూర్చి ఇవతలికి లాగడం. నేనూ చేశాను. తర్వాత నాగలింగం, పెద్ద నంది, ఫోటోలు, తిరుగు బస్సు. తల పైకెత్తి గుడి కప్పు మీది రంగుల బొమ్మలు చూసే ఓపిక ఎవరికీ మిగలదు. మెడ నొప్పి కూడా పుడుతుంది మరి.

హిందూపురానికి 15 కిలోమీటర్ల దూరంలోని ఈ వీరభద్రస్వామి గుడిని 16వ శతాబ్దంలో, విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో, విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు కట్టించారు. కట్టించినవారి పేర్లు నిలిచాయి. కప్పు మీద బొమ్మలు వేసినవారి పేర్లు మనదాకా రాలేదు. వాళ్లు ఎవరో, ఏం చూసి పెరిగారో తెలుసుకోవాలంటే ఆ బొమ్మలనే అడగాలి.

రాతి కప్పుకు ముందు సున్నం, ఇసుక కలిపిన పూత పూసేవారు. దాని మీద కావిరంగుతో గీత. తర్వాత ఎర్రమన్ను, పసుపుమన్ను, ఆకుపచ్చ, సున్నపు తెలుపు, మసి నలుపు. నీలం కోసం వెతికితే దాదాపు దొరకదు. చివరికి నల్లని గీతతో కన్ను, ముక్కు, వేలి కొస తేల్చేవారు. నేను డ్రాయింగ్ మాస్టారిని. పరంజా మీద తల వెనక్కి వాల్చి, చెయ్యి వణకకుండా ఆ గీత లాగడం అలా ఉంచండి, బల్ల మీద కాగితం పెట్టుకుని కూడా నాకు చేతకాదు.

అయినా చాలాకాలం నాకొక ఫిర్యాదు ఉండేది. గౌరిని చెలికత్తెలు అలంకరిస్తున్న దృశ్యమే తీసుకోండి. పక్కకు తిరిగిన ముఖాలు, కోసుగా సాగిన పెద్ద కళ్లు, బరువైన కొప్పులు. యజమానురాలికీ దాసికీ ఒకటే ముక్కు. ఈ చిత్రకారుడు ఆడమనిషిని సరిగ్గా చూడనేలేదని పిల్లలకు పాఠం కూడా చెప్పాను.

ఒకసారి మా అమ్మను వెంట తీసుకెళ్లాను. ఆమె ధర్మవరంలో మగ్గం ఉన్న ఇంట పుట్టింది, చిన్నప్పటి నుంచి కండెలు చుట్టిన చెయ్యి. కాసేపు పైకి చూసి, "మొహాల సంగతి వదిలెయ్యి నాయనా, ఏ రెండు చీరలైనా ఒక్కలాగా ఉన్నాయేమో చూడు" అంది.

చూశాను. ఒకరిది చారలు, ఒకరిది గళ్లు, ఇంకొకరిది పూలు, మరొకచోట హంసలు. అంచు వేరు, కొంగు వేరు, కుచ్చెళ్లు విచ్చుకున్న తీరు వేరు. ముఖం గురువు నేర్పిన కొలతల్లోంచి వచ్చి ఉండాలి. చీర మాత్రం వీధిలో నడిచివెళ్లే మనిషి ఒంటి మీద చూసినదే. ధర్మవరం నేతగాళ్లు ఈ కప్పు మీది అంచులను మళ్లీ పట్టులోకి దించుకున్నారంటే ఊరికేనా?

నేను పాఠం మార్చుకున్నాను. అమ్మ మాత్రం అక్కడే నేల మీద వెల్లకిలా పడుకుని, ఒక చెలికత్తె పైటలో గళ్లు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆ రోజు మాకు హిందూపురం బస్సు తప్పిపోయింది.