ఆయిల్ తగ్గలేదని సంబరపడకండి

(ఒడిశాలోని సునాబెడలో విశ్వకర్మ పూజ సందర్భంగా మెకానిక్కుల సభలో చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీదున్న పెద్దలకు, పొద్దుటి నుంచి పూజ దగ్గరుండి జరిపించిన సంఘం వారికి, జయపురం, సెమిలిగుడల నుంచి వచ్చిన మిత్రులకు, సాలూరు నుంచి ఘాటెక్కి వచ్చిన తమ్ముళ్లకు నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. నా సర్వీసు గురించి రెండు మాటలు చెప్పమన్నారు. ఆ రెండు మాటలూ ఇంజిన్ ఆయిల్ గురించి చెప్పుకోనివ్వండి. చాలా రోజులుగా మనసులో ఉన్న విషయం.

మన ఊరి ఇంజిన్ ఫ్యాక్టరీ 1960ల్లో మిగ్ విమానాల కోసం వచ్చింది. విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాల్లో మాదీ ఒకటి. విమాన ఇంజిన్ల దగ్గర ఒక పద్ధతి ఉంది. ఇంజిన్ విప్పకముందే ఆయిల్ శాంపిల్ తీసి అందులో ఇనుమెంత, రాగెంత అని చూస్తారు. మనిషికి రక్తపరీక్ష ఎలాగో అలాగ. లోపల ఏ భాగం అరుగుతోందో ఆయిలే చెబుతుంది. మరి మన కార్ల దగ్గర ఆయిల్‌ను ఎవరైనా అడుగుతున్నారా?

పోయిన చలికాలం మా వీధి కుర్రాడు ఒకడు ఏడుపు మొహంతో వచ్చాడు. టర్బో పెట్రోల్ కారు, డైరెక్ట్ ఇంజెక్షన్, అంటే పెట్రోల్‌ని నేరుగా సిలిండర్‌లోకే చిమ్మే రకం. పైగా పవర్ పెరగాలని ట్యూనింగ్ చేయించాడు. రోజూ క్వార్టర్స్ నుంచి ఆఫీసుకి, ఆఫీసు నుంచి క్వార్టర్స్‌కి. ఆదివారం మాత్రం దేవమాలి కొండకి ఒకటే దౌడు. ఇంజిన్‌లో టకటకా చప్పుడు. సర్వీసు చేసిన చోట "ఇథనాల్ పెట్రోల్ వల్లే పోయింది, మేమేం చేస్తాం" అన్నారట. ఎవరో ఆ పేరు నాకు అక్కర్లేదు. బండికి చేసిన పని రాసే జాబ్ కార్డు మాత్రం చూశాను. పది వేల కిలోమీటర్లు కాలేదు కాబట్టి ఆయిల్ మార్చలేదు. ఆయిల్ లెవెల్ ఎదురుగా 'ఓకే' అని టిక్కు.

ఆయిల్ లెవెల్ చూసే కడ్డీ, అదే డిప్‌స్టిక్, తీశాను. ఆయిల్ మ్యాక్స్ గీత దాటి ఉంది! చుక్క వేళ్ల మధ్య రుద్దితే జారుడు లేదు, వాసన చూస్తే పెట్రోల్. ఫిల్లర్ క్యాప్ తిప్పితే లోపలివైపు కాఫీ మీద మీగడలా లేత గోధుమరంగు ముద్ద. ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి, అంటే సంపు, దించి కనెక్టింగ్ రాడ్ బేరింగ్ షెల్స్ తీస్తే, పైపూత పోయి కింద రాగి రంగు తేలిపోయింది. నాకు కోపం వచ్చింది బాబూ. ఆ కుర్రాడి మీద కాదు, ఆ టిక్కు పెట్టిన చేతి మీద.

లెవెల్ ఎందుకు పెరిగింది? ఇప్పుడు పెట్రోల్‌లో ఇథనాల్ అనే ఆల్కహాల్ కలిపి అమ్ముతున్నారు. అది ఆవిరి కావడానికి పెట్రోల్ కంటే కిలోకి దాదాపు రెండున్నర రెట్లు వేడి కావాలి. పైగా లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోల్‌లో ఉండేదాంట్లో మూడింట రెండు వంతులే, అందుకని ఎక్కువ పోయాలి. పెట్రోల్ ఒక పాలు మండాలంటే 14.7 పాళ్ల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు. డిసెంబరు పొద్దున్న మన సునాబెడలో చల్లటి సిలిండర్ గోడకి ఆ స్ప్రే తగిలితే ఆవిరి కాదు. గోడ మీది ఆయిల్ పొరను కడిగేసి, రింగుల పక్కనుంచి సంపులోకి దిగుతుంది. దాంతోపాటు మంటలో పుట్టిన నీటి ఆవిరి, సగం కాలిన ఇథనాల్ నుంచి పుట్టే ఆమ్లాలు. ఇన్ని చేరితే ఆయిల్ తగ్గుతుందా, పెరుగుతుంది. "మా బండి చుక్క ఆయిల్ తాగదు సార్" అని మురిసిపోయే వాళ్లని చూస్తే నాకు టెన్షన్ పట్టుకుంటుంది.

అలాగని ఇథనాల్‌ని తిట్టమని కాదు. స్పీడు కోరేవాళ్లకి అది మంచి ఇంధనం. ఆక్టేన్, అంటే ఒత్తిడికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణం, ఎక్కువ, సిలిండర్‌ని చల్లబరుస్తుంది, టర్బో బూస్ట్ పెంచుకోవచ్చు. అమెరికా ఇండీకార్ రేసులు 2007లోనే ఇథనాల్‌కి మారాయి. అదే ఏడాది స్వీడన్ కంపెనీ కోనిగ్‌సెగ్ తెచ్చిన సీసీఎక్స్‌ఆర్ ఈ85 (85 శాతం దాకా ఇథనాల్ ఉన్న ఇంధనం) మీద 1018 హార్స్‌పవర్ ఇచ్చింది, అదే కంపెనీ పెట్రోల్ సీసీఎక్స్ 806 ఇచ్చేది. మన దేశంలో పెట్రోల్‌లో 10 శాతం ఇథనాల్ మిశ్రమం 2022 జూన్‌కి అందుకున్నాం, 20 శాతం కలిపిన ఈ20 అమ్మకం 2023 ఫిబ్రవరిలో మొదలైంది. ఇప్పుడు బంకుకి వెళితే దొరికేది అదే. కాబట్టి వాదనలు ఆపి దానితో బతకడం నేర్చుకోవాలి.

వెనక కూర్చున్న తమ్ముళ్లూ, భోజనాలు ఇంకో పది నిమిషాలు ఆగుతాయి, ఇది వినండి. సంపులో దిగిన ఇథనాల్ 78 డిగ్రీలకే మరుగుతుంది. నీళ్లు 100కి. పెట్రోల్‌లోని బరువైన భాగాలు మాత్రం ఇంకా చాలా పైకి వెళితే గాని పోవు. అంటే ఆయిల్ బాగా కాగితే ఇథనాల్, నీళ్లు ఆవిరై, ఇంజిన్ లోపలి ఆవిర్లు బయటికి పోయే దారి, అదే బ్రీదర్, గుండా వెళ్లిపోతాయి. ఇంజిన్‌కి కావలసింది ఆ వేడి. టెంపరేచర్ ముల్లు మధ్యకి రాగానే ఇంజిన్ కాగిందనుకుంటాం. అది కూలెంట్ వేడి, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం వేడి. ఆయిల్ దానికంటే చాలా ఆలస్యంగా కాగుతుంది. ఘాటు దిగేటప్పుడు లోడు ఉండదు కాబట్టి ఇంకా ఆలస్యం. రోజూ మూడు కిలోమీటర్లు తిరిగే కారులో ఆయిల్ ఎప్పుడూ కాగదు. విశాఖ దాకా పోయి వచ్చే టాక్సీ కంటే ఇంట్లో పెట్టుకున్న ముద్దుల కారే ముందు అరుగుతుంది. అలాంటి కారుకి ఆయిల్ మార్పు కిలోమీటర్లతో కాదు, నెలలతో, చల్లటి స్టార్టులతో లెక్కపెట్టాలి. కంపెనీ మాన్యువల్‌లోనే కఠిన వాడకం అని వేరే షెడ్యూలు ఉంటుంది. ఆ పేజీ తెరిచి కస్టమర్‌కి చూపించండి.

ఆయిల్ తెల్లబడితే వెంటనే హెడ్ గ్యాస్కెట్ (కూలెంట్ ఆయిల్‌లో కలవకుండా ఆపే సీలు) పోయిందని బిల్లు రాయొద్దు. ముందు కూలెంట్ తగ్గిందా చూడండి. తగ్గకపోతే, మూత కింద మాత్రమే ముద్ద ఉండి డిప్‌స్టిక్ శుభ్రంగా ఉంటే, అది మన చలికి పట్టిన తేమే. అసలు మంచి ఆయిల్ నీటిని విడిచిపెట్టకుండా తనలో పట్టి ఉంచాలి, లేకపోతే ఆ నీరు లోహం మీద నిలిచి తుప్పు పట్టిస్తుంది. 2010లో ఇంజిన్ ఆయిల్‌కి వచ్చిన జీఎఫ్-5 అనే నాణ్యతా ప్రమాణంలో ఈ85, నీళ్లు కలిపి ఆయిల్ వాటిని పట్టి ఉంచుతుందా లేదా అని పరీక్షించే పద్ధతి పెట్టింది ఇందుకే. ఆ పట్టుకునే శక్తికీ హద్దుంది.

ఇంకో మాట. ఆయిల్ పల్చబడుతోందని 5డబ్ల్యూ-30 అనే పల్చటి గ్రేడు అడిగే టర్బో బండిలో 20డబ్ల్యూ-50 అనే చిక్కటి గ్రేడు పోసేవాళ్లు ఈ సభలోనే ఉన్నారు. దయచేసి మానండి. చలి పొద్దున్న ఆ చిక్కటి ఆయిల్ టర్బో బేరింగ్‌కి చేరేలోపు నష్టం జరిగిపోతుంది. మాన్యువల్ చెప్పిన గ్రేడే వాడండి. డబ్బా మీద ఎస్‌పీ అనే నాణ్యతా ప్రమాణం గుర్తు ఉందో లేదో చూడండి. చిన్న టర్బో ఇంజిన్లలో తక్కువ వేగం దగ్గర ముందే మంట అంటుకునే జబ్బుకి కాపు ఆ ప్రమాణంలో ఉంది. అది 2020లో వచ్చింది.

సంఘం పెద్దలను నేను కోరేది ఒకటే. ఈ సంవత్సరం జాబ్ కార్డులు కొత్తగా అచ్చు వేయిస్తామన్నారు కదా. అందులో 'ఆయిల్ ఓకే' అనే గడి తీసేయండి. దాని చోట మూడు గడులు పెట్టండి: పాత ఆయిల్ దించకముందు లెవెల్ ఎంత ఉంది, పెట్రోల్ వాసన ఉందా, కిందటిసారి ఏ తేదీన మార్చారు. అచ్చు ఖర్చు నేను ఇస్తాను.