అంకె దగ్గరే ఆగిపోకండి

అందరికీ నమస్కారం.

విశాఖ ద్వారకానగర్‌లో ఉన్న ఈ పౌర గ్రంథాలయానికి నేను డిగ్రీ చదివే రోజుల నుంచీ వస్తున్నాను. అప్పట్లో కొత్త సినిమా ఎలా ఉందో తెలియాలంటే జగదాంబ జంక్షన్‌లో నిలబడేవాళ్లం. మ్యాట్నీ వదిలాక బయటికొచ్చే వాళ్లని "ఎలా ఉందన్నా?" అని అడిగేవాళ్లం. "ఫైట్లు బాగున్నాయి, కథ లేదు" అనేవారు ఎవరో ఒకరు. వెళ్లాలో వద్దో తేల్చుకోవడానికి ఆ ఒక్క ముక్క చాలేది.

ఇప్పుడు మార్నింగ్ షో పూర్తికాకముందే ఫోన్‌లోకి రివ్యూ రేటింగ్ అంకె వచ్చేస్తోంది. ఐదుకి 2.25, 2.75, 3.

కొన్నేళ్ల కిందట అలా 2.25 చూసి ఒక సినిమాకి వెళ్లడం మానేశాను. తర్వాత ఎప్పుడో అది ఓటీటీలోకి వస్తే ఇంట్లో పెట్టాను. వంటింట్లో ఉన్న మా అమ్మ బయటికొచ్చి, గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది. "ఇదేట్రా, మన మాటే మాటాడతన్నారు!" అంది. అమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లె. మన యాసని నవ్వించడానికి వాడటమే ఆవిడ ఎక్కువగా చూసింది. ఆ యాసలో ఒక తల్లి ఏడవడం తెర మీద చూసేసరికి ఆవిడ కళ్లు నిండాయి.

ఆ రాత్రి పాత రివ్యూ వెతికి పూర్తిగా చదివాను. "డైలాగులు సరిగ్గా అర్థం కావు" అని ఉంది. రాసినాయనకి అది లోపం, మాకు అదే ప్రాణం. ఆయన దాచలేదు, చెప్పాడు. నేనే అంకె దగ్గర ఆగిపోయాను.

అసలు ఈ అంకెలు ఒక్కోచోట ఒక్కోలా పుడతాయి. విమర్శకుల రివ్యూలు పోగుచేసే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో 100 శాతం అని ఉంటే అద్భుతమైన సినిమా అనుకుంటాం. అక్కడ లెక్కించేది ఎంతమంది విమర్శకులు బాగుందన్నారనే. పదిమందీ "పర్వాలేదు, చూడొచ్చు" అన్నా 100 శాతమే. ఏడుగురు ప్రాణం పెట్టి మెచ్చుకుని ముగ్గురు కాదంటే 70 శాతం. ఈ రెండింట్లో నేనైతే రెండో సినిమాకే టికెట్ కొంటాను.

ఐఎండీబీ అనే సినిమాల వెబ్‌సైట్‌లో మనలాంటి వాళ్లే 1 నుంచి 10 దాకా ఓటేస్తారు. ఓట్లన్నీ కూడి భాగించేయరు, కొన్నిటికి బరువు తగ్గిస్తారు. ఎలా తగ్గిస్తారో పూర్తిగా బయటపెట్టరు, పెడితే మోసం చేసేవాళ్లకి దారి చూపినట్టే కదా. నెట్‌ఫ్లిక్స్ అయితే 2017లో నక్షత్రాల రేటింగే తీసేసి, బాగుందనో బాగాలేదనో చెప్పే బొటనవేలు గుర్తు పెట్టింది.

మీలో చాలామందికి అభిమాన హీరో ఉంటారు. అవతలి హీరో సినిమా చూడకుండానే 1 కొట్టేవాళ్లు మీకు తెలుసు. దయచేసి ఆ పని చేయకండి. రెండేళ్లు కష్టపడిన లైట్‌మన్‌కి, ఎడిటర్‌కి, మొదటి అవకాశం దొరికిన కుర్రాడికి ఆ దెబ్బ తగులుతుంది. బాగాలేకపోతే బాగాలేదనే రాయండి, కానీ చూసి రాయండి. "సెకండాఫ్ ల్యాగ్" అని వదిలేయకుండా ఏ సీన్ దగ్గర మీ మనసు పక్కకి పోయిందో చెప్పండి. మీరు ఎవరితో చూశారో, ఎలాంటి కథలు మీకు ఇష్టమో ఒక మాట కలపండి.

ఇప్పుడు ఫోన్లు తీయండి. ఈ మధ్య చూసిన సినిమానో సిరీసో తలుచుకుని, అంకె లేకుండా మూడు వాక్యాలు రాయండి. పది నిమిషాల తర్వాత ముందు వరుస నుంచి చదివి వినిపిద్దురు గాని.