ఇగిరేది నీళ్లే, మిగతావన్నీ ట్యాంకులోనే

హోస్ట్: నమస్కారం! టెక్సస్‌లోని ఫ్రిస్కోలో, అన్నయ్య వాళ్లింట్లో ఈ రీఫ్ ట్యాంక్, అంటే పగడాలు పెంచే ఉప్పునీళ్ల అక్వేరియం ముందు కూర్చున్నాం. ఎన్ని గ్యాలన్లు అన్నా ఇది?

గెస్ట్: 75 గ్యాలన్లమ్మా. మన లెక్కలో 280 లీటర్ల పైమాటే.

హోస్ట్: కుళాయి నీళ్లు మనం తాగుతున్నాం కదా, పగడాలకు పనికిరావా?

గెస్ట్: మొదటి ఏడాది నేనూ అలాగే అనుకున్నా. క్లోరిన్ విరుగుడు మందు కలిపి కుళాయి నీళ్లే పోశా. ఆరు నెలలకి రాళ్లనిండా జుట్టులాంటి నాచు. పీకినకొద్దీ పెరిగేది. మేత తగ్గించా, లైటు తగ్గించా, నీళ్లని మాత్రం అనుమానించలేదు. పగడాలు ఒక్కొక్కటే ముడుచుకుపోతుంటే చాలా బాధేసింది.

హోస్ట్: ఆ నీళ్లలో ఏముంటుంది?

గెస్ట్: ఫాస్ఫేట్, నైట్రేట్ ఉంటాయి, అవి నాచుకు ఎరువు. పైపుల్లోంచి కాస్త రాగి దిగుతుంది. అది మనకేం చెయ్యదు గానీ రొయ్యలకీ, నత్తలకీ విషం. పైగా ట్యాంకులోంచి రోజూ గ్యాలన్ దాకా ఇగిరిపోతుంది. పులుసు పొయ్యి మీద మరిచిపోతే ఏమవుతుంది?

హోస్ట్: ఉప్పెక్కిపోతుంది.

గెస్ట్: ఇక్కడా అంతే. నీళ్లు పోతాయి, అందులో కరిగినవి ఉండిపోతాయి. అందుకే తగ్గినమేరకు ఉప్పునీళ్లు కాదు, శుద్ధమైన మంచినీళ్లు పోయాలి. కుళాయి నీళ్ల టీడీఎస్, అంటే లీటరు నీళ్లలో కరిగి ఉన్న సరుకు, 300 మిల్లీగ్రాములు అనుకో. రోజుకి 4 లీటర్ల చొప్పున నెలకి 120 లీటర్లు. అంటే 36 గ్రాముల సరుకు నెలనెలా ట్యాంకులో పేరుకుంటుంది.

హోస్ట్: మరి వంటింటి ఆర్వో నీళ్లు?

గెస్ట్: చాలా వాటిలో రుచి కోసం చివర్లో ఖనిజాలు మళ్లీ కలుపుతారు. మనకి కావాల్సింది సున్నా టీడీఎస్. అందుకే నాది ఆర్వోకి డీఐ కూడా తగిలించిన మిషన్. అందులో మెంబ్రేన్ అనే సన్నటి వడపోత పొర కరిగినవాటిని 90 శాతం పైనే ఆపుతుంది, దాటొచ్చిన కాస్తా డీఐ రెసిన్ అనే సన్నటి పూసలు లాగేస్తాయి. ఇక్కడి నీళ్లలో ఇంకో చిక్కుంది, క్లోరమిన్. క్లోరినూ అమ్మోనియా కలిసింది. టీడీఎస్ మీటరుకి అది కనపడదు. మెంబ్రేన్ కంటే ముందుండే కార్బన్ ఫిల్టర్ దాన్ని విరగ్గొడితే అమ్మోనియా మిగులుతుంది, దాన్నీ రెసినే పట్టుకోవాలి. కార్బన్ అరిగిపోతే క్లోరిన్ తగిలి మెంబ్రేన్ పాడవుతుంది. అందుకే నేను ఆర్నెల్లకోసారి కార్బన్ మార్చేస్తా, పేపర్ స్ట్రిప్‌తో క్లోరిన్ చూసుకుంటా.

హోస్ట్: నీళ్లు బాగా వృథా అవుతాయంటారు...

గెస్ట్: అవుతాయమ్మా. ఒక గ్యాలన్ తియ్యడానికి మూడు నాలుగు గ్యాలన్లు బయటికి పోతాయి. ఆ మాట నాకూ గుచ్చుకునేది. ఇప్పుడు డ్రమ్ములో పట్టి, బట్టలుతకడానికీ, గరాజ్ కడగడానికీ వాడుతున్నాం.

హోస్ట్: కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి?

గెస్ట్: మిషన్ ఆన్ చెయ్యగానే వచ్చే నీళ్లు పట్టుకోవద్దు. ఆగి ఉన్నప్పుడు మెంబ్రేన్ అవతలి ఉప్పు ఇవతలికి చేరి ఉంటుంది. రెండు మూడు నిమిషాలు వదిలేసి, అప్పుడు పట్టాలి. రెసిన్ ఎక్కువ కాలం వస్తుంది.

హోస్ట్: ఇప్పుడు మీ టీడీఎస్ మీటరు ఎంత చూపిస్తోంది?

గెస్ట్: సున్నా. మొన్న రెండు చూపించింది, ఆ సాయంత్రమే రెసిన్ మార్చేశా.