ఊక బూడిద లేకుంట ఒక్క ఎపిసోడ్ నడవదు

వెంకన్న: అందరికి నమస్తే. పోయిన వారం చెప్పినట్టు ఇయ్యాల ముచ్చట ఫ్యాక్టరీల వేస్టు మీద, స్టీల్ ప్లాంటు స్లాగు, కరెంటు ప్లాంటు బూడిద, ఇవన్ని సిమెంట్ల కలిపితే కార్బన్ ఎట్ల తగ్గుతదని...

సైదులు: ఊక బూడిద గూడ.

వెంకన్న: అన్నా, ఇంక షురూ గూడ గాలె!

సైదులు: గిన్ని రైస్ మిల్లులున్న మిర్యాలగూడ పక్కన ఉండుకుంట ఊక సంగతి తియ్యకపోతె ఎట్ల తమ్మి.

వెంకన్న: ముందుగాల స్లాగు. ఇనుము కరిగేటప్పుడు పైన తేలే మడ్డిని నీళ్ళతోని టక్కున చల్లార్చి నూరితే సిమెంట్ల 70 శాతం దాంక కలుపొచ్చు, ఫ్లై యాష్, అంటే కరెంటు ప్లాంటు బొగ్గు బూడిద అయితే 35 దాంక. అయిపాయె.

సైదులు: ఎందుకు కలపాల్నో చెప్పవైతివి. మన మేళ్ళచెర్వు దిక్కు ఫ్యాక్టరీలల్ల సున్నపురాయిని 1450 డిగ్రీల కాలుస్తరు గదా, అందరు బొగ్గు పొగనే అనుకుంటరు, కని సగానికి మించి కార్బన్ ఆ రాయిల నుంచే ఎల్తది. ఏం పెట్టి కాల్చినా అది ఆగదు. రాయి కాల్చుడే తగ్గియ్యాలె, ఆ జాగల బూడిద పొయ్యాలె.

వెంకన్న: దామరచర్లల 4000 మెగావాట్ల బొగ్గు కరెంటు ప్లాంటు పెట్టుకొని నీ ఊక ఎవ్వనికి కావాలె?

సైదులు: (గొంతు పెంచి) గదే తప్పు! ఆ బూడిద కావాల్నంటే బొగ్గు కాల్చాలె. ఊక ఏటా పండుతది. వడ్లల్ల ఐదో వంతు ఊకనే, అది కాలిస్తె మళ్ళ అండ్ల ఐదో వంతు బూడిద, ఆ బూడిదల 85 శాతం పైన సిలికానే, ఇసుకల ఉండేదే.

వెంకన్న: అయితే మిల్లు బాయిలర్ కాడికెల్లి తెచ్చి సీదా కలుపు, గోడ పలగకపోతె నన్నడుగు.

సైదులు: ...నిజమే, మంట అదుపుల ఉండాలె. 600, 700 డిగ్రీల కాలితే సున్నంతోని కలిసి గట్టిపడతది, బాగ మించితే సిలికా స్ఫటికం కట్టి సున్నంతోని కలవదు. సరిగ్గ కాలకపోతె నల్లగుంటది, వేళ్ళ నడుమ నలిపి సూడు, మసి అంటుకుంటది. అసొంటిది మాలుల ఏస్తె నీళ్ళు ఊకె గుంజుతది.

వెంకన్న: మా చిన్నమ్మోళ్ళ దండెం మీది బట్టల మీద పడేది గదే అన్నా. మిల్లోళ్ళను అడిగితే గాలి మీదికి చెప్పిండ్రు. పిలగానికి దగ్గు తగ్గుతలేదు.

సైదులు: (కొంచెంసేపు ఆగి) ...దవాఖానకు తీస్కపోయిండ్రా?

వెంకన్న: పోయిండ్రు. మందులిచ్చిండ్రు.

సైదులు: అందుకే తమ్మి నేను ప్రతిసారి దీన్నే పట్టుకుంట. కొనెటోడుంటే ఎవ్వలు గాలికి వదలరు, బస్తాలల్ల పట్టి అమ్ముకుంటరు.

వెంకన్న: సరే, ఇటుకల మాటకొద్దాం. ఎర్ర ఇటుకకు పొలం పైమట్టి పోతది, మీదికెల్లి బట్టీల కాల్చుడు. ఫ్లై యాష్ ఇటుకకు కాల్చుడే లేదు, ప్రెస్ కొట్టి నీళ్ళు పట్టుడే. నా ఓటు దానికే.

సైదులు: అండ్ల గూడ ఊక బూడిద...

వెంకన్న: అన్నా!

సైదులు: ఇను, మేస్త్రి బాబాయి ముచ్చట యాదికున్నదా...

వెంకన్న: అది మళ్ళ వద్దు. అగో, లారీ హారన్ కొడుతుండు, మైక్ బంద్ జెయ్.