పోర్ట్ బ్లెయిర్‌లో కాపురం: టూర్ రివ్యూ కాదు, ఉండి చూసిన రివ్యూ

హాయ్ అండీ, నమస్తే. వైజాగ్‌లో లాసన్స్ బే దగ్గర కూర్చుని షూట్ చేస్తున్నాను, మధ్యలో బళ్ళ హారన్లు, కుక్కలు, మురీ మిక్చర్ బండి వాడి కేకలు అన్నీ వినిపిస్తాయి, కాస్త సర్దుకోండి.

ఈసారి రివ్యూ మిక్సీది కాదు, ఫోన్‌ది కాదు, ఒక దీవిది. అండమాన్‌ది. మా ఆయనకి అక్కడ పోస్టింగ్ పడితే సామాన్లన్నీ కట్టుకుని వెళ్ళి కాపురం పెట్టి వచ్చాం కదా, అప్పట్నుంచి అడుగుతున్నారు వీడియో చెయ్యమని. ప్యాకేజీ టూర్ వీడియోలు బోల్డు ఉన్నాయి, రాధానగర్ బీచ్, స్కూబా, సెల్యులార్ జైల్ లైట్ అండ్ సౌండ్, ఫోటోలు, అయిపోయింది. వాటి జోలికి నేను వెళ్ళను. గ్యాస్ బుక్ చేసుకుని, నీళ్ళు పట్టుకుని, పిల్లాణ్ణి స్కూల్లో దింపి, సాయంత్రం చేపలు తెచ్చుకుని బతికితే ఆ దీవి ఎలా ఉంటుంది, అది చెప్తా.

తీర్పు ముందే చెప్పేస్తాను, చివరిదాకా ఊరించడం నాకు చేతకాదు. ఆగడం తెలిసినవాళ్ళకి ఆ ఊరు బంగారం. ఆగలేనివాళ్ళకి వారంలో పిచ్చెక్కుతుంది. ఎందుకంటే అక్కడ ఉల్లిపాయ దగ్గర్నుంచి సిమెంటు బస్తా దాకా అన్నీ ఓడెక్కి రావాల్సిందే, ఆ ఓడ ఎప్పుడొస్తుందో సముద్రం చెప్పాలి.

పేరు గురించి ఒక్క మాట, 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిర్‌ని శ్రీ విజయపురం అని మార్చారు, కాగితాల మీద అదే, నోటికి మాత్రం నాకు ఇంకా పోర్ట్ బ్లెయిరే వస్తుంది, ఏమనుకోకండి.

మన వైజాగ్ వాళ్ళకి ఒక లక్ ఉందండీ, చాలామందికి తెలీదు. మెయిన్‌ల్యాండ్ నుంచి అండమాన్‌కి ప్యాసింజర్ ఓడలు మూడే చోట్ల నుంచి వెళ్తాయి, చెన్నై, కోల్‌కతా, మన పోర్టు. మనకి తక్కువసార్లే ఉంటుంది అనుకోండి, చెన్నై వాళ్ళకే ఎక్కువ. రెండున్నర మూడు రోజుల ప్రయాణం. డాల్ఫిన్ నోస్ కొండ చిన్నదైపోయి, చిన్నదైపోయి, మాయమైపోయిన కాసేపటికి ఫోన్‌లో సిగ్నల్ గీతలు కూడా పోతాయి, ఇంక అంతే, ఎవరూ మనకి ఫోన్ చెయ్యలేరు, మనం ఎవరికీ చెయ్యలేం, మొదటి పూట చేతులు ఊరికే జేబులోకి వెళ్తుంటాయి, రెండో రోజుకి డెక్ మీద కూర్చుని ఎగిరే చేపల్ని లెక్కపెట్టడం మొదలుపెడతాం. నిజంగా ఎగురుతాయండీ, ఓడ పక్కనించి ఒక గుంపు లేచి నీళ్ళ మీదుగా అలా సర్రున పోయి మళ్ళీ మునిగిపోతాయి. బంక్ క్లాసులో చూస్తే సగంమంది మన ఉద్దానం వాళ్ళే, పలాస జీడిపప్పు, పనసకాయలు, కొత్త బియ్యం మూటలు, చంటిపిల్లలు, పేకాట, ఒక పెళ్ళివారి విడిదిల్లే అనుకోండి.

అందుకే అక్కడ భాష గురించి భయం అక్కర్లేదు. 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల్లో తెలుగు మాతృభాష అని చెప్పినవాళ్ళు 13 శాతం దాకా ఉన్నారు. బజార్లో అందరూ కలిపి మాట్లాడుకునేది హిందీ, కానీ జంగ్లీఘాట్ చేపల మార్కెట్‌కి వెళ్తే మీరు మన ఫిషింగ్ హార్బర్‌లో ఉన్నారో అక్కడున్నారో తెలీదు. నేను మొట్టమొదట వెళ్ళి ఎంతో కష్టపడి హిందీలో "యే కైసే దియా" అంటే, ఆవిడ కత్తి ఆపి నన్ను కింద నుంచి పైకి చూసి "ఏటమ్మా, ఏ ఊరు మీది" అంది. వైజాగ్ అన్నాను. "వైజాగంటే ఎక్కడ, మాది సోంపేట పక్కన" అంది. ఇంక ఆ రోజునుంచి ఆవిడే నాకు చేపల గురువు. సూర కొనబోతే "ఎల్లమ్మా ఎల్లు, ఇయాలొద్దు, పొద్దున్న పడవది కాదిది, రేపొస్తాది మంచి వంజరం, రేపు రా" అని వెనక్కి పంపేసేది. బేరం పోతుందని బాధ లేదు ఆవిడకి! చేప మొప్ప ఎత్తి చూపించేది, లోపల ఎర్రగా తడిగా మెరుస్తుంటే సరే, గోధుమరంగు తిరిగితే ముట్టుకోవద్దు, కన్ను ఉబ్బి ఉండాలి, లోపలికి పోకూడదు. ఇక్కడ పూర్ణా మార్కెట్‌లో ఇప్పుడు నేను అలాగే మొప్పలెత్తి చూస్తుంటే తిడుతున్నారు, అది వేరే విషయం. చేపలకి మాత్రం పదికి పది, ఆ పీతలకి పదికి పన్నెండు.

కూరగాయలకి మూడు. సారీ, ఉన్నమాట చెప్పాలి. దీవిలో పండేవి ఉన్నాయి, కొబ్బరి, అరటి, పోక, ఆకుకూరలు, కాకరకాయలు, అవి తాజాగానే దొరుకుతాయి. బంగాళాదుంప, ఉల్లి, టమాటా లాంటివి ఎక్కువగా అవతల్నుంచి రావాలి, తుఫాను పట్టి ఓడ లేటైతే రేటు చూసి టమాటాకి దండం పెట్టి వచ్చేయడమే. మన బంగాళాఖాతం తుఫాన్లు చాలావరకు ఆ పక్కనించే కదా బయల్దేరేది, ఇక్కడ మనం టీవీలో "అండమాన్ సమీపంలో అల్పపీడనం" అని విని ఛానెల్ మార్చేస్తాం, అక్కడ అది విని బజారుకి పరిగెడతారు.

ఇప్పుడు నాకు అన్నిటికంటే నచ్చింది చెప్తా, బీచ్ కాదు. ఫెర్రీ. మనకి సిటీ బస్సు ఎలాగో వాళ్ళకి పడవ అలాగ. చాథమ్ నుంచి బాంబూ ఫ్లాట్‌కి వెహికిల్ ఫెర్రీ ఉంటుంది, ఖాడీ దాటడానికి పావుగంట. ఈ క్లిప్ చూడండి, ముందు ఆ ఇనప రేకు వంతెనలా ధడేల్‌మని దించుతారు, అవతల్నుంచి వచ్చిన బైకులన్నీ ఒకేసారి గుర్రుమని పైకొస్తాయి, తర్వాత మనవాళ్ళు తోసుకుంటూ దిగుతారు, జీపులు, గ్యాస్ సిలిండర్ల వ్యాను, స్కూలు పిల్లలు, కోళ్ళ బుట్ట, ఒక మేక. మేక టికెట్ తీసుకుందో లేదో నాకు తెలీదు. ఎవరూ బండి దిగరు, స్టాండ్ వేసి దాని మీదే కూర్చుంటారు, నీళ్ళు ఇంత ఆకుపచ్చగా ఉంటాయి, పక్కన చాథమ్ రంపపు మిల్లు, 1883లో పెట్టింది, ఇంకా ఉంది, పడౌక్ కలప కోసిన వాసన గాల్లో వస్తుంటుంది. పర్యాటకులు వేలు పెట్టి క్రూయిజ్ ఎక్కుతారు, వీళ్ళు చిల్లరిచ్చి అదే సముద్రం చూస్తూ ఆఫీసుకెళ్ళిపోతారు, తల కూడా ఎత్తరు.

అవతల దిగి బండి మీద మౌంట్ హ్యారియట్ ఎక్కితే, 2021లో దాన్ని మౌంట్ మణిపూర్ చేశారు, దారిలో ఒక మలుపు దగ్గర పాత 20 రూపాయల నోటు మీద బొమ్మ కనిపిస్తుంది. ఆ ఎర్రటి నోటు గుర్తుందా, వెనకాల కొబ్బరిచెట్లు, సముద్రం, అవతల లైట్‌హౌస్, అది నార్త్ బే. అందరూ నోటు చేత్తో పట్టుకుని ఫోటో తీసుకుంటారు, మేం కూడా తీసుకున్నాం, మా దగ్గర పాత నోటు లేకపోతే టీ కొట్టాయన ఇచ్చాడు, ఇలాంటివాళ్ళ కోసం దాచి ఉంచాడంట.

టైము గురించి చెప్పాలి, ఇది ఎవ్వరూ చెప్పరు. గడియారం మనదే, సూర్యుడు మాత్రం తూర్పువాడు. జూన్‌లో అయిదు కొట్టకముందే సూర్యోదయం, డిసెంబర్‌లో సాయంత్రం అయిదు గంటలకే ఆఖరు. ఇక్కడ మనం ఆరింటికి ఆర్కే బీచ్‌కి తీరిగ్గా బయల్దేరతామే, అక్కడ ఆరింటికి టార్చిలైటు కావాలి. మొదట్లో చాలా దిగులుగా ఉండేది, సాయంత్రం అనేదే లేదేంటి అని. తర్వాత అలవాటు మారిపోయింది, పొద్దున్న వంట కాకముందే కార్బిన్స్ కోవ్ బీచ్ దాకా నడిచొచ్చేసేవాళ్ళం, రాత్రి తొమ్మిదికి ఇల్లంతా నిద్ర. లేటుగా పడుకునే బ్యాచ్ అయితే మాత్రం మీకు అక్కడ ఏమీ ఉండదు.

ఆ కార్బిన్స్ కోవ్‌లోనే మొసలి బోర్డు ఉంటుంది. జోక్ కాదండీ, ఉప్పునీటి మొసళ్ళు ఉన్నాయి ఆ దీవుల్లో, ఈతకి వల కట్టి హద్దు పెడతారు, ఆ లోపలే దిగాలి, మడ అడవుల పక్కన కాలవల్లో కాలు పెట్టే పనే పెట్టుకోవద్దు. మనకి ఇక్కడ అల లాగేస్తుందని భయం, అక్కడ నీళ్ళు చెరువులా నిలకడగా కనిపిస్తాయి, అదే అసలు ప్రమాదం, ధైర్యం వచ్చేస్తుంది.

పాటు వేళ, అంటే నీళ్ళు వెనక్కి తీసినప్పుడు, పిల్లల్ని తీసుకుని రాళ్ళ మీద నడవడం మా ఆదివారం. గట్టి చెప్పులు ఉండాలి, పగడపు రాయి కోసేస్తుంది, ఆ గాయం తొందరగా మానదు. గుంటల్లో నీళ్ళు నిలుస్తాయి కదా, వాటి ముందు గొంతుక్కూర్చుని కదలకుండా ఉంటే ముందు ఏమీ కనిపించదు, కాసేపటికి ఒక గవ్వ లేచి నడుస్తుంది. లోపల హెర్మిట్ పీత. ఇంకాసేపటికి ఇంకోటి. రెండూ ఒకదాన్నొకటి తట్టుకుని చూసుకుంటాయి, ఇల్లు బాగుంటే మారిపోదామని. మా వాడు ఒక గవ్వ జేబులో వేసుకుంటే అక్కడే తీయించాను, ఎందుకంటే గవ్వలు, పగడపు ముక్కలు, చచ్చినవైనా సరే తీసుకురావడానికి వీల్లేదు, ఎయిర్‌పోర్టులో బ్యాగు స్కాన్‌లో దొరికితే ఫ్లయిట్ ముందు నిలబడి కేసు గురించి మాట్లాడుకోవాలి.

మా అత్తగారు వచ్చినప్పుడు హేవ్‌లాక్ వెళ్ళాం, ఇప్పుడు స్వరాజ్ ద్వీప్. అమావాస్య దగ్గర్లో కొన్ని రాత్రులు ఒడ్డున నీళ్ళు కదిలిస్తే నీలంగా వెలుగుతాయి, నీళ్ళలో కంటికి కనపడని చిన్న చిన్న ప్రాణులు కదిలిస్తే వెలుగు వదుల్తాయి. నేను ఎంతో ఇదిగా ఆవిడ చెయ్యి పట్టుకుని నీళ్ళలో పెట్టించాను, వేళ్ళ చుట్టూ మిణుగురుల్లా మెరిశాయి. ఆవిడ చెయ్యి లాగేసుకుని "కడుక్కోవే ముందు, ఏ ఫ్యాక్టరీ కెమికలో ఏటో" అన్నారు. గాజువాకలో నలభై ఏళ్ళు కాపురం చేసిన మనిషి, తప్పు పట్టలేం. అన్నట్టు అక్కడ ఇసక దోమలు ఉంటాయి, కుడితే రోజుల తరబడి దురద, కాళ్ళకి కొబ్బరినూనె దట్టంగా రాసుకుంటే కొంత నయం.

వాన. మనకి ఏడాదికి వెయ్యి మిల్లీమీటర్లు చిల్లర పడితే అక్కడ మూడు వేల దాకా. మే నుంచి మొదలైతే నవంబర్, డిసెంబర్ దాకా వస్తూ పోతూనే ఉంటుంది. బట్టలు ఆరవు, తోలు చెప్పులకి బూజు, అప్పడాలు మెత్తబడిపోతాయి. మరి ఇంత వాన పడే ఊళ్ళో వేసవి వస్తే నీళ్ళ కరువు, నమ్ముతారా. ఊరికి పెద్ద దిక్కు ధనిఖారి డ్యామ్, వానలు ఆగి మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి అందులో నీళ్ళు కిందకి పోతాయి, కుళాయి రోజు విడిచి రోజు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. అందుకే ప్రతి ఇంటి ముందూ నీలం డ్రమ్ములు. మొదటి వాన రేకుల మీద దబదబా పడగానే మా వీధి వీధంతా నైటీల మీద బయటికొచ్చి చూరు కింద డ్రమ్ములు జరుపుకునేది, ముందు నీళ్ళు వదిలేసి, రేకు కడిగిపోయాక అప్పుడు పట్టాలి, అదొక లెక్క. తడిసి ముద్దై, నవ్వుకుంటూ, ఎవరి డ్రమ్ము నిండితే వాళ్ళు పక్కవాళ్ళకి జరిపేవాళ్ళు. నీళ్ళకి మార్కులు సున్నా, ఆ సాయంత్రాలకి మాత్రం ఎన్నైనా వేస్తాను.

ఇంటర్నెట్ పాపం ఇప్పుడు బానే ఉంది, 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రం అడుగున కేబుల్ వేశాక. అంతకుముందు శాటిలైట్ మీద నడిచిన రోజుల గురించి అక్కడివాళ్ళు యుద్ధకథల్లా చెప్తారు. చిన్న చిన్న భూకంపాలు మామూలే, ఫ్యాను ఊగితే ఎవరూ లేవరు, కానీ 2004 డిసెంబర్ 26 సునామీ చూసిన పెద్దవాళ్ళు మాత్రం ఫ్యాను ఊగగానే మాట ఆపేసి సముద్రం వైపు చూస్తారు.

బారాటాంగ్ వెళ్ళేవాళ్ళకి ఒక మాట. ఆ రోడ్డు జారవా ఆదివాసుల అడవిలోంచి పోతుంది, కాన్వాయ్‌లోనే వదుల్తారు, ఆపకూడదు, ఫోటో తీస్తే నేరం. అయినా కార్లో "కనిపిస్తారా, కనిపిస్తారా" అని అద్దాలకి అతుక్కుపోయేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది, మనుషులండీ వాళ్ళు. సున్నపురాయి గుహలు చూసి రండి, చాలు.

సరే, ఎవరు వెళ్ళాలి అంటారా. పోస్టింగ్ వస్తే ఏడవకండి, వెళ్ళండి. చిన్నపిల్లలున్నవాళ్ళకి చాలా బాగుంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళకి స్పెషలిస్టు డాక్టరు తరచుగా కావాల్సి ఉంటే మాత్రం ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, పెద్ద ట్రీట్‌మెంట్ అంటే చాలాసార్లు చెన్నైకో ఇక్కడికో ఎగరాల్సిందే.

ఓడలో వెళ్తే ఫిబ్రవరి, మార్చి చూసుకోండి, సముద్రం నెమ్మదిగా ఉంటుంది, జూన్ నుంచి సెప్టెంబర్ అయితే వాంతి మాత్రలు పెట్టుకోండి. డేట్లు మారుతుంటాయి, సెలవు అటూ ఇటూ రెండ్రోజులు ఎక్కువే పెట్టండి. ఇంకా, లగేజీలో ఒక సంచి నిండా ములక్కాడలు, కరివేపాకు, మాడుగుల హల్వా పెట్టుకుని వెళ్ళి పక్కింట్లో ఇచ్చెయ్యండి. కుళాయి ఏ రోజు ఏ టైముకి వస్తుందో అప్పుడు చెప్తారు.