పసుపు పాలు, పక్షవాతం: పర్లాకిమిడి నుంచి

నేను: పర్లాకిమిడి నుంచి అందరికీ నమస్కారం. బరంపురంలో ఫార్మసీ పాఠాలు చెప్పే మా పెద్దమ్మ కూతురు ఈరోజు నా పక్కనుంది. అప్పా, మూడేళ్ల కిందట నాన్నకు మూతి వంకరపోయి కుడిచెయ్యి పడిపోయినప్పుడు అమ్మ గబగబా పసుపు పాలు కాచి పట్టింది. మంచి కంధమాల్ పసుపే. అవి ఏమైనా పనిచేశాయా?

అప్ప: లేదు తమ్ముడూ. పొలమారింది కదా?

నేను: అవును, చాలాసేపు దగ్గాడు.

అప్ప: పక్షవాతంలో మింగే కండరాలు కూడా దెబ్బతినొచ్చు. పాలు ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా రావొచ్చు. మింగగలరో లేదో ఆసుపత్రిలో చూసేదాకా మంచినీళ్లు కూడా పట్టకూడదు. పిన్నికి ఆ సంగతి ఎవరూ చెప్పలేదు, ఆవిడ తప్పేముంది!

నేను: పసుపు మెదడును కాపాడుతుందని ఫోన్లో తెగ వస్తోంది మరి.

అప్ప: ఎలుకల్లో నిజమే. మెదడు రక్తనాళాన్ని మూసి, పసుపులో ఉండే కర్కుమిన్ అనే పదార్థం ఇస్తే చచ్చిపోయే భాగం తగ్గింది. ద్రాక్ష తొక్కలోని రెస్వెరట్రాల్‌తోనూ అలాంటి ఫలితాలే వచ్చాయి. కానీ పసుపులో కర్కుమిన్ ఉండేదే నూటికి రెండు నుంచి అయిదు పాళ్లు. అందులోనూ పేగుల్లోంచి రక్తంలోకి చేరేది బాగా తక్కువ. చేరినదాన్ని కూడా లివర్ త్వరగా మార్చేసి బయటికి పంపేస్తుంది. 2006లో పక్షవాతానికని ప్రయోగాల్లో చూసిన మందులన్నీ లెక్కేస్తే 1,026 తేలాయి. రోగుల దాకా వచ్చినవి 114.

నేను: మొక్కల్లోంచి వచ్చినదేదీ నిలబడలేదా?

అప్ప: బ్యుటైల్‌ఫ్తలైడ్ అని ఒకటుంది. సెలెరీ అనే ఆకుకూర గింజల్లో దొరికింది. మన వాము కాదు, అది వేరు! ఇప్పుడు ఫ్యాక్టరీలో చేస్తారు, చైనాలో 2002లో అనుమతి వచ్చింది. 2023లో అక్కడే 1,216 మంది మీద చేసిన పరీక్ష ఫలితాలు వచ్చాయి. మూడు నెలలకు బాగా కోలుకున్నవాళ్లు మందు తీసుకున్నవారిలో 56.7 శాతం, తీసుకోనివారిలో 44 శాతం. నాకు ఆశ కలిగించింది ఇదే. అయితే వాళ్లందరికీ ముందు మెదడు రక్తనాళంలో అడ్డుపడ్డ రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షనో, గడ్డను లాగేసే చికిత్సో అందింది. ఈ మందు దానికి తోడు మాత్రమే.

నేను: ఆ ఇంజెక్షన్ మాకు అందలేదప్పా.

అప్ప: మనిషి చివరిసారి బాగున్నప్పటి నుంచి నాలుగున్నర గంటల్లోపు అది పడాలి.

నేను: తెల్లవారి అయిదింటికి చూశాం. పసరు కోసం తిరిగి తిరిగి ఆసుపత్రికి పదింటికి చేరాం. డాక్టర్ మొదట అడిగింది, "చివరిసారి బాగున్నది ఎప్పుడు?" అని. నాకు నోట మాట రాలేదు. రాత్రి మూడింటికి లేచి చెంబుతో నీళ్లు తాగి పడుకున్నాడని అమ్మ అప్పుడు చెప్పింది.

అప్ప: అంటే అయిదింటికే బయల్దేరి ఉంటే...

నేను: అవునప్పా. ఏడున్నర దాకా టైముంది.