క్యాన్సర్ కాదన్నారు, మరి ఆపరేషన్‌కి అంత తొందరెందుకు? గుండెలో మిక్సోమా గురించి

నమస్కారం అండి. నేను గుండె ఆపరేషన్ థియేటర్లో పర్ఫ్యూజనిస్టుని. సర్జన్ గారు గుండెని ఆపి లోపల పని చేస్తున్నంతసేపూ పేషెంటు రక్తాన్ని మిషన్లో తిప్పుతూ, ఆక్సిజన్ ఎక్కించి మళ్లీ ఒంట్లోకి పంపించే పని నాది.

ఈ వీడియో ఒక తమ్ముడు పంపిన వాయిస్ మెసేజ్ విన్నాక చేస్తున్నాను. వాళ్ల అక్కకి 42 ఏళ్లు. రెండు నెలలుగా ఆయాసం. ఎకో, అంటే గుండెకి చేసే స్కాన్, తీస్తే గుండెలో ఎడమవైపు పై గదిలో గడ్డ కనిపించింది, మిక్సోమా అన్నారు. డాక్టర్ గారు "క్యాన్సర్ కాదమ్మా, భయపడకండి" అని చెప్పి, ఆ వెంటనే "ఇవాళే అడ్మిట్ అయిపోండి" అన్నారట. అక్కేమో బతుకమ్మ పండగ అయ్యాక చూసుకుందాం అంటోంది. "క్యాన్సర్ కానప్పుడు అంత తొందరేంటన్నా?" అని ఆ తమ్ముడు అడుగుతున్నాడు.

అడగాల్సిన ప్రశ్నే అడిగాడు. వీపు మీద కొవ్వుగడ్డ ఉంటే పదేళ్లు అలాగే వదిలేసినా ఏం కాదు. చాలామంది ఇళ్లలో ఉంటాయి అలాంటివి. అదే లెక్క గుండెకి కూడా వేసుకుంటాం. కానీ గుండె లోపల గడ్డ ఏ జాతిదన్న దానికన్నా, అది ఎక్కడ కూర్చుంది, ఎంత కదులుతోంది అన్నదే ప్రాణం మీదికి తెస్తుంది.

స్క్రీన్ మీద చూడండి. విసనకర్ర ఆకారంలో కనిపిస్తున్నది ఎకో బొమ్మ. ఇది ఎడమ పై గది, ఊపిరితిత్తుల్లో శుభ్రమైన రక్తం ముందు ఇక్కడికే వస్తుంది. ఇది కింది గది, ఇక్కణ్ణుంచి ఒళ్లంతటికీ వెళ్తుంది. మధ్యలో రెండు రెక్కలు తెరుచుకుంటూ మూసుకుంటున్నాయి కదా, అదే మైట్రల్ వాల్వ్. ఇప్పుడు పై గదిలో తెల్లటి ఉండని చూడండి. గుండె వదులైన ప్రతిసారీ అది వాల్వ్ మధ్యలోంచి కిందికి జారుతోంది, ముడుచుకోగానే పైకి వెళ్లిపోతోంది. మళ్లీ కిందికి, మళ్లీ పైకి. నిమిషానికి డెబ్బై ఎనభై సార్లు. దాన్ని పట్టి ఉంచింది ఆ సన్నటి కాడ ఒక్కటే. రెండు పై గదులకీ మధ్యనున్న గోడకి అంటుకుని ఉంది చూశారా? మనం అమ్మ కడుపులో ఉన్నప్పుడు ఆ గోడలో ఒక దారి ఉంటుంది. పుట్టాక అది మూసుకుపోయి చిన్న గుంటలా మిగులుతుంది. మిక్సోమాలు ఎక్కువగా మొలిచేది ఆ గుంట అంచు దగ్గరే. నూటికి డెబ్బై ఐదు దాకా ఎడమ పై గదిలోనే ఉంటాయి, మిగతావాటిలో ఎక్కువ కుడి పై గదిలో. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో ఎక్కువ, అదీ 30 నుంచి 60 ఏళ్ల మధ్య.

ఇప్పుడు అక్క ఆయాసం సంగతి. గుమ్మంలో ఎవరో అడ్డంగా నిలబడితే ఇంట్లోవాళ్లు బయటికి రాలేరు కదా. ఈ గడ్డ వాల్వ్‌లో ఇరుక్కున్న క్షణంలో రక్తం కిందికి దిగదు. వెనక ఊపిరితిత్తుల్లో ఒత్తిడి పెరిగి ఆయాసం వస్తుంది. కొందరికి కూర్చుంటే ఆయాసం, పడుకుంటే తేలిక. మామూలుగా గుండె నీరసించినవాళ్లకి దీనికి సరిగ్గా తిరగబడి ఉంటుంది. పక్క మార్చినప్పుడో, గబుక్కున లేచినప్పుడో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లూ ఉన్నారు. దారి పూర్తిగా మూసుకుపోతే అక్కడికక్కడే ప్రాణం పోవచ్చు. చెప్పడానికి నాకూ బాధగానే ఉంది. కానీ డాక్టర్ గారి తొందరకి మొదటి కారణం ఇదే.

మన దగ్గర ఇంకో చిక్కు ఉంది. చిన్నప్పుడు గొంతునొప్పి, కీళ్లనొప్పుల జ్వరం వచ్చి, ఆ తర్వాత మైట్రల్ వాల్వ్ సన్నబడిపోయినవాళ్లు మన ఊళ్లలో చాలామంది. మిక్సోమా కూడా స్టెతస్కోపుకి అచ్చం అలాగే వినిపించవచ్చు. గడ్డ దబ్బున కిందికి పడినప్పుడు ఒక శబ్దం వస్తుంది, అనుభవమున్న చెవి పట్టుకుంటుంది, అన్నిసార్లూ కాదు. అందుకే ఎకో తీయకుండా ఇది వాల్వ్ జబ్బేనని ఖాయం చేసుకోకూడదు.

రెండో కారణం నాకు ఇంకా భయం పుట్టించేది. మిక్సోమా గట్టి గడ్డ కాదు. తాటిముంజ చేత్తో పట్టుకున్నారు కదా, చాలావాటికి అలాంటి జిగురు మెత్తదనమే. కొన్ని నున్నగా ఉంటాయి, కొన్ని కుచ్చులు కుచ్చులుగా ఉంటాయి. ఆ కుచ్చులు తెగి రక్తంలో కలిసిపోతాయి. ఎడమవైపు నుంచి తెగిన ముక్క ఒంట్లో ఎక్కడికైనా పోవచ్చు, ఎక్కువగా పోయేది మెదడుకే. ఎడమవైపు మిక్సోమా ఉన్న ముగ్గురిలో దాదాపు ఒకరికి ఇలా ముక్క తెగుతుంది. అప్పటిదాకా బీపీ లేదు, షుగర్ లేదు, 35 ఏళ్ల మనిషికి ఉన్నట్టుండి నోరు వంకర, ఒక పక్క చెయ్యీ కాలూ పడిపోవడం. అలా చిన్న వయసులో పక్షవాతం వస్తే తలకి స్కాన్‌తో పాటు గుండెకి ఎకో అయిందా లేదా మీరే అడగండి. కాల్లో రక్తనాళం మూసుకుపోయి కాలు చల్లబడితే సర్జన్లు లోపలి గడ్డని బయటికి తీస్తారు. ఆ తీసిన ముక్కని పారేయకుండా బయాప్సీకి పంపాలి. గుండెలో మిక్సోమా ఉందని అలా మొదటిసారి తెలిసినవాళ్లున్నారు.

"చిన్నదే కదన్నా, రక్తం పలచబడే మాత్ర వేసుకుంటూ ఆగుదాం" అని కూడా అంటారు. చిన్నదైనా కుచ్చులున్నదైతే తెగుతుంది. పైగా తెగేది గడ్డకట్టిన రక్తమే అయితే మాత్ర ఎంతో కొంత పనిచేసేది. ఇక్కడ తెగేది ఎక్కువగా ఆ కణితి ముక్కే, దాన్ని మాత్ర కరిగించదు.

మూడోది, ఎవరికీ అనుమానం రానిది. ఈ గడ్డ ఐఎల్-6 అనే పదార్థాన్ని రక్తంలోకి వదులుతుంది. దానివల్ల సన్నటి జ్వరం, బరువు తగ్గడం, ఒళ్లునొప్పులు, రక్తహీనత, రక్తపరీక్షలో ఒంట్లో వాపుని చూపించే ఈఎస్ఆర్ పెరగడం. ఇవన్నీ వింటే మనకి ముందు గుర్తొచ్చేది టీబీయో కీళ్లవాతమో. గుండె ఎవరికి గుర్తొస్తుంది చెప్పండి? గడ్డ తీసేశాక ఇవన్నీ వాటంతటవే తగ్గుతాయి.

1950ల ముందు ఈ జబ్బు దాదాపు పోస్ట్‌మార్టం బల్ల మీదే బయటపడేది. 1953 మే 6న ఫిలడెల్ఫియాలో డాక్టర్ గిబ్బన్ హార్ట్ లంగ్ మిషన్ పెట్టి ఒక 18 ఏళ్ల అమ్మాయి గుండెలో రంధ్రం మూశారు. మరుసటి ఏడు, 1954 జూలై 16న, స్వీడన్‌లోని స్టాక్‌హోంలో డాక్టర్ క్లారెన్స్ క్రాఫోర్డ్ ఒక 40 ఏళ్ల స్త్రీ గుండెలోంచి మిక్సోమాని తీసి బతికించారు. చూడండి, ఆవిడ వయసు ఇంచుమించు ఈ అక్క వయసే. నేను రోజూ నడిపే మిషన్‌కి అప్పటి హార్ట్ లంగ్ మిషన్ తాతలాంటిది, అందుకే ఈ తేదీలు నాకు నోటికొచ్చు. ఎకో మొదలైందీ ఆ దేశంలోనే. 1953లో లుండ్‌లో ఎడ్లర్, హెర్ట్జ్ అనే ఇద్దరు కలిసి కదిలే గుండెని శబ్ద తరంగాలతో చూశారు. ఆ తర్వాత ఆరేళ్లకి జర్మనీలో దాంతోనే ఎడమ పై గదిలో గడ్డని పట్టుకున్నారు.

ఇక ఆపరేషన్. థియేటర్లో నేను చూసేదే చెప్తాను. రొమ్ము ఎముక మధ్యలో కోసి గుండెని బయటపెడతారు. కొన్నిచోట్ల కుడి పక్కటెముకల సందులోంచి చిన్న కోతతోనూ చేస్తున్నారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు. అది సరిపోయిందో లేదో ఏసీటీ అనే పరీక్షతో చూస్తాను. రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం 480 సెకన్లు దాటందే మిషన్ మొదలుపెట్టను. మిగతా ఆపరేషన్లలో గుండెని కాస్త ఎత్తుతారు, పక్కకి తిప్పుతారు. మిక్సోమా రోజు వీలైనంతవరకు ఎవరూ గుండెని ముట్టుకోరు, నొక్కరు. అవసరం లేని మాట కూడా ఉండదు. రక్తం బయటికి వెళ్లే పెద్ద ధమనికి క్లాంప్ పడి గుండె ఆగేదాకా ఒక్క కుచ్చు తెగినా నేరుగా మెదడుకే. క్లాంప్ పడింది, పొటాషియం కలిసిన చల్లటి మందు వెళ్లింది, మానిటర్ మీద గీత సాఫీగా అయింది అంటే నేను ఒకసారి గట్టిగా ఊపిరి పీల్చుకుంటాను.

అప్పుడు పై గది తెరుస్తారు. గడ్డని ఒక్కదాన్నే తుంచరు. కాడ అంటుకున్న చోట గోడని కూడా చుట్టూ కొంచెం కలిపి కోసి, మొత్తం ఒకే ముక్కగా తీస్తారు. వేరు మిగిలితే మళ్లీ మొలుస్తుందని. ట్రేలో పెట్టినప్పుడు చూడాలి. పసుపుపచ్చగా, అక్కడక్కడా నెత్తురు మరకలతో, లైటు పడితే మెరుస్తూ, ట్రే కదిపితే వణుకుతుంది. తర్వాత గదులన్నీ సెలైన్‌తో కడుగుతారు. ఆ కడిగిన నీళ్లని, ఆ కాసేపు సక్షన్‌లో వచ్చిన రక్తాన్ని నా మిషన్‌లో రక్తం నిలిచే రిజర్వాయర్‌లోకి రానివ్వను, విడిగా పారబోస్తాం. కణాలు తిరిగి ఒంట్లోకి పోకూడదు కదా. గోడలో పడిన రంధ్రానికి పేషెంటు గుండె మీది పొరలోంచే ముక్క తీసి మాసిక వేస్తారు. గడ్డ కొట్టీ కొట్టీ వాల్వ్ పాడైతే దాన్నీ సరిచేస్తారు. క్లాంప్ తీశాక గుండె మళ్లీ కొట్టుకుంటుంది. గుండె ఆగి ఉన్న సమయం చాలాసార్లు గంటలోపే. గుండె ఆపరేషన్లలో ఇది ఫలితం బాగా ఉండేవాటిలో ఒకటి, ప్రాణాపాయం నూటికి కొద్దిమందికే. కొన్నాళ్లు గుండె లయ తప్పడం కొందరికి ఉంటుంది, దానికి మందులున్నాయి.

గుండెలో క్యాన్సర్ కాని ప్రతి గడ్డనీ ఇలా పరుగెత్తి కోయాలని మాత్రం అనుకోకండి. పసిపిల్లల్లో కనిపించే రాబ్డోమయోమా చాలావరకు దానంతటదే కరిగిపోతుంది. రక్తానికి అడ్డు పడకపోతే, లయ తప్పించకపోతే డాక్టర్లు చూస్తూ ఆగుతారు. అలాంటి పిల్లలకి ట్యూబరస్ స్క్లెరోసిస్ అనే, ఒంట్లో చాలాచోట్ల గడ్డలు పుట్టించే జబ్బు ఉందేమో మాత్రం పరీక్షించాలి. పెద్ద వయసువాళ్లకి వాల్వ్ మీద వచ్చే ఫైబ్రోఎలాస్టోమా ఇంకో రకం, దాని గురించి వేరే వీడియో చేస్తాను.

తమ్ముడూ, అక్కకి ఇలా చెప్పు. ఎముక అతుక్కోవడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది, అప్పటిదాకా బరువులెత్తకూడదు. ఈ ఏడు బతుకమ్మని వేరేవాళ్లు ఎత్తుకుంటారు, అక్క కుర్చీలో కూర్చుని పాట పాడుతుంది. డబ్బు సంగతి ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని అడిగి, ఆరోగ్యశ్రీలో ఏ మేరకు వస్తుందో ఈరోజే తెలుసుకో. తీసిన గడ్డ బయాప్సీ రిపోర్టు, ఆపరేషన్ నోట్సు జాగ్రత్తగా దాచండి. ఏడాదికోసారి ఎకో తీయించాలి. మళ్లీ రావడం నూటికి ఒకరికో ముగ్గురికో, అంతే. కానీ కార్నీ కాంప్లెక్స్ అని కుటుంబాల్లో నడిచే రకం ఒకటుంది. అందులో తిరిగి రావడం బాగా ఎక్కువ. పెదవుల మీద, కంటి చుట్టూ నల్లటి చిన్న మచ్చలు గుంపులుగా ఉంటాయి, చిన్న వయసులోనే గడ్డలొస్తాయి, ఒకటికన్నా ఎక్కువ గదుల్లో వస్తాయి. అక్కకి గానీ, మీ ఇంట్లో ఇంకెవరికైనా గానీ అలాంటి మచ్చలుంటే డాక్టర్ గారికి చెప్పు. అప్పుడు నువ్వూ, అక్క పిల్లలూ కూడా ఒకసారి ఎకో తీయించుకోవాలి.